మిగిలిన సున్నం

రత్నమణి దేన్నైనా అరచేత్తో రెండుసార్లు తడుతుంది. ఇడ్లీ గిన్నె మూత పెట్టి తడుతుంది. బియ్యం బస్తాను తడుతుంది. పోర్టు గేటు దగ్గర నుంచి టిఫిన్ బండిని ఇంటికి తోసుకొచ్చి ఆపాక, పశువును తట్టినట్టు దాన్నీ తడుతుంది. అప్పుడే అక్కడి నుంచి కదులుతుంది.

మొగుణ్ణి నిద్ర లేపడంతో వచ్చిన అలవాటు అది. యోహాన్ పోర్టులో ఇనుప ఖనిజం మోసే బెల్టు దగ్గర పనిచేసేవాడు. రాత్రి డ్యూటీ దిగి, ఎర్ర దుమ్ము కడుక్కుని పడుకుంటే పిలుపులకు లేచేవాడు కాదు. మంచం పట్టె మీద రెండుసార్లు తట్టాలి. అప్పుడు ఒక కన్ను తెరిచేవాడు. చివరికి జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్నప్పుడూ అదే అన్నాడు.

"సచ్చినోళ్ళని లేపే ఆ కడపటి రోజు బూర ఊదినా నాను లెగను. నువ్వొచ్చి తట్టాల."

ఆమె నవ్వింది. తడతానని మాటిచ్చింది.

ఈస్టరు ముందురోజు వాళ్ళ చర్చి సంఘంవాళ్ళంతా సమాధుల తోటకు వెళ్తారు. గడ్డి పీకి, సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పెట్టి వస్తారు. మర్నాడు వేకువ ఆరాధన అక్కడే. పోర్టు బొగ్గు దుమ్ముకు ఏడాది తిరిగేసరికి తెలుపంతా బూడిదరంగుకు వస్తుంది. రత్నమణి ఏటా యోహాన్ సమాధికి రెండు పూతలు వేసేది. ఆరాక తలవైపు రెండుసార్లు తట్టేది.

తన ఇంటి గోడకు మాత్రం, అతను పోయినప్పటి నుంచి సున్నం తగల్లేదు. క్రిస్మస్‌కు వీధంతా తెల్లబడినా ఆ గోడ అలాగే ఉండేది. ఎవరైనా అడిగితే, "ఎవరు సూడాలని?" అనేది.

ఈ ఏడు ఆమె వెళ్ళేసరికి పక్క సమాధి దగ్గర కేథరిన్ ఉంది. ఆ సమాధిలోని హెన్రీ కూతురు. తండ్రికి ఇష్టంలేని పెళ్ళి చేసుకుని ఎలమంచిలి వెళ్ళిపోయిన పిల్ల. తండ్రిని పూడ్చిన రోజు వచ్చింది, మళ్ళీ ఇప్పుడే రావడం. తండ్రి సమాధికి టైల్స్ వేయించడానికి అబ్బులు అనే మేస్త్రీని వెంట తెచ్చుకుంది.

హెన్రీ స్టీల్‌ప్లాంటులో కొలిమి లోపలి గోడలు కట్టేవాడు. తోటి పనివాళ్ళు పూడ్చిన రోజే ఆ కొలిమి ఇటుకల ముక్కలు, పసుప్పచ్చనివి, తెచ్చి అతని సమాధి చుట్టూ పేర్చారు. వాటి మీదే టైల్స్ వేయించాలని కేథరిన్ ఆశ.

అబ్బులు ఒక పక్క పిచ్చిమొక్కలు నరికి తవ్వాడు. మట్టే వచ్చింది.

"ఇటికలు లేవమ్మా. కలగన్నారేటి?"

"నా కళ్ళతో సూసాను. తవ్వు బాబూ."

అతను రెండు సమాధుల మధ్య తవ్వాడు. రత్నమణి సున్నం వేసే వైపు మట్టి పెళ్ళ జారిపడింది. తెల్లని పొరల కింద పసుపు ఇటుక. దాని పక్కన ఇంకొకటి.

రత్నమణికి అప్పుడు అర్థమైంది. హుద్‌హుద్ తుఫానుకు తోటలో చెట్లు కూలి, ఇటుకలు బురదలో కూరుకుపోయి, సిలువలు ఊడిపోయాయి. సంఘం కుర్రాళ్ళు వాటిని ఏరి తిరిగి నాటారు. పక్కపక్కనే ఉన్న రెండు మట్టి గుట్టల మీద సిలువలు తారుమారయ్యాయి. రత్నమణి సిలువ మీది పేరు చూసి సున్నం వేస్తూ వచ్చింది.

ఆమె పిచ్చిమొక్కల గుట్టవైపు చూసింది.

"మా ఆయన ఇన్నేళ్ళూ ఇక్కడున్నాడా? నాను పరాయోణ్ణి తడతన్నానా?"

సున్నం బకెట్టు అక్కడే వదిలి ఇంటికి వెళ్ళిపోయింది.

పొద్దు వాలుతుండగా కేథరిన్ బకెట్టు పట్టుకుని వచ్చింది. చేతులకు మట్టి. గుమ్మం మెట్టు మీద కూర్చుంది.

"పిన్నీ, బకెట్టు మరిసిపోయావు."

"రేపు నాను రాను. ఏ మొకం పెట్టుకుని రాను? మాటిచ్చాను ఆయనకి."

కేథరిన్ చేతుల మట్టి దులుపుకుంది.

"ఇక్కడికి రావడానికే భయమేసేది నాకు. మా నాన్నని సూసే దిక్కు లేదు కదా. ఆ మొక్కలు సూసి, ఇదంతా నా పాపమే అనుకున్నాను. తీరా సూస్తే ఆయన మీద ఏటేటా ఏసిన సున్నం ఉంది. అబ్బులు గీకి సూపించాడు. పొర మీద పొర."

రత్నమణి బకెట్టులోకి తొంగిచూసింది.

"ఒక్కటే బాధ పిన్నీ. మా నాన్నకి నిద్దర్లో లేపితే ఒళ్ళుమంట. ఏటేటా లేపేసావు. ఎంత తిట్టుకున్నాడో."

రత్నమణికి నవ్వు ఆగలేదు.

"మావోడు మాత్రం ఆయిగా తొంగున్నాడన్నమాట. అదురుష్టం."

"పద. మీ ఆయన మీది మొక్కలు పీకేసి వచ్చాను."

చీకటి పడకముందే అబ్బులు సిలువలు మార్చి నాటాడు. హెన్రీకి కేథరిన్ సున్నం వేసింది, మొదటిసారి. యోహాన్‌కు రత్నమణి వేసింది. పని అయ్యాక తలవైపు చెయ్యెత్తి, తట్టకుండా దించేసింది. ఇన్నేళ్ళ తర్వాత ఏమని లేపాలో తెలియలేదు.

వేకువ ఆరాధనలో పాస్టరుగారు యేసు సమాధికి వెళ్ళిన ఆ స్త్రీల సంగతి చదివారు. చీకటి ఉండగానే సుగంధ ద్రవ్యాలు పట్టుకుని వెళ్ళినవాళ్ళు. సమాధికి అడ్డంగా ఉన్న రాయి ఎవరు తీస్తారని దారంతా దిగులుపడ్డవాళ్ళు. రత్నమణి ఏటా వినేదే. ఈసారి ఒక సంగతి ఆగి చూసింది. వాళ్ళు వెళ్ళేసరికే ఆయన లేచాడు. వాళ్ళు తట్టలేదు. వాళ్ళ కోసం ఆ పని ఆగలేదు. యోహాన్‌ను లేపేవాడు సిలువ మీద పేరు చదివి లేపడు. మొక్కల కింద ఉన్నా, సున్నం కింద ఉన్నా ఆయనకు తెలుసు.

ఆ ద్రవ్యాలను తర్వాత ఏం చేసుకున్నారో, అనుకుంది.

"ప్రభువు లేచెను," అన్నారు పాస్టరుగారు.

"నిజముగా లేచెను," అంది అందరితో పాటు. తోట అవతల క్రేన్ల మీద వెలుగు పడింది.

మర్నాడు, సోమవారం, ఆమె బండి తీయలేదు. బకెట్టులో మిగిలిన సున్నంలో నీళ్ళు పోసి కలిపింది. ఇంటి ముందుగోడను అరచేత్తో రెండుసార్లు తట్టింది. పాత సున్నం పెచ్చులు రాలాయి. చీరకొంగు బిగించి, ఎండ ఎక్కకముందే అవ్వాలని, తలుపు పక్క నుంచి మొదలుపెట్టింది.