చెవిలో మోగిన కొమ్ము

మందు వికటించి చెవిలో మోత పుడితే, దేవుడే నన్ను పిలుస్తున్నాడని మురిసిపోయిన మూర్ఖుణ్ణి నేను. యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు వేసే ఉద్యోగం నాది. అన్ని పుస్తకాల మధ్య కూర్చుని అంత తెలివితక్కువగా ఉండటానికి కొంత సాధన కావాలి.

మేము యూదులం. మా నాన్న రైల్వే ఉద్యోగం మీద కొంకణం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో మరాఠీ, వీధిలో తెలుగు. ఊళ్ళో మా వాళ్ళవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఇళ్ళు. ప్రార్థనకు లాలాగూడలో షాలోమ్ కాకా ముందుగదే దిక్కు. ఆయన రిటైరైన రైల్వే గార్డు. వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో మా కొత్త సంవత్సరం వస్తుంది. దానికి ముందు నెల ఎలూల్. ఆ నెల పొద్దున్నే ప్రార్థన చేసి పొట్టేలు కొమ్ము ఊదుతాం, నిద్రపోతున్న మనసు లేచి తన తప్పులు చూసుకోవాలని. తొమ్మిదేళ్ళుగా ఆ కొమ్ము ఊదేది నేనే.

ఆ వేసవిలో ఒక పొద్దున, తార్నాకలో మా ఇంటి వెనక ఖాళీ జాగాలో కొమ్ముతో దమ్ము సాధన చేస్తున్నాను. ఊపిరి మధ్యలో తెగింది. దగ్గు వచ్చింది. చూస్తే కొమ్ము అంచు మీద ఎర్రటి చార. పెదవి చిట్లిందనుకున్నాను. దగ్గుకు రెండు నెలలు మిరియాలు, తేనె నాకాను. "చొక్కాలు వదులైపోతున్నాయేంటి?" అని నా భార్య రివ్కా అడిగితే చాకలి మీదికి నెట్టాను.

సాయంత్రం జ్వరాలు మొదలయ్యాక రివ్కాయే పెద్దాసుపత్రికి లాక్కెళ్ళింది. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, "రైట్ అప్పర్ లోబ్‌లో ప్యాచ్. స్ప్యూటమ్ పాజిటివ్. టీబీ. భయపడకండి, తగ్గుతుంది" అన్నాడు. రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్, గుప్పెడు మాత్రలు. కొమ్ము ఊదడం బంద్. ఇంతవరకు ఆయనను తప్పుపట్టను. జబ్బు పట్టుకున్నాడు, మందు సరైనదే ఇచ్చాడు.

ఇంజెక్షన్ తార్నాకలోనే ఒక చిన్న దవాఖానాలో కాంపౌండర్ నర్సింలు పొడిచేవాడు. ఐదారు వారాలు గడిచాయి, ఎలూల్ వచ్చింది. ఒక ఉదయం ప్రార్థన చదువుతుంటే ఎడమ చెవిలో సన్నటి, పొడుగాటి మోత. తెగదు, ఆగదు. నాకు కళ్ళు చెమర్చాయి. ఈ ఏడు నేను ఊదలేనని దేవుడే నా కోసం ఊదుతున్నాడు!

రివ్కాకు చెప్పాను. ఆమె చపాతీ తిప్పుతూ, "దేవుడైతే మాత్రం, మధ్యలో ఒకసారి ఊపిరి పీల్చుకోడా?" అంది.

రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. పది రోజులు ఆ మోతను దాచుకుని ఆనందించాను. చివరికి నర్సింలు నేను తూలి తలుపు పట్టుకోవడం చూసి సూది కింద పెట్టాడు.

"సార్, చెవుల గుయ్యిమంటున్నదా?"

"అవును, నీకెలా తెలుసు?"

"గిది సూది పని సార్. కొందరికి పడదు. రేపే పోయి పెద్ద డాక్టర్‌కు చెప్పున్రి. ఆపుదామంటే మందుల చిట్టీ ఆయనది, నా చేతుల లేదు."

వెళ్ళాను. డాక్టరు తల ఎత్తలేదు. "వీక్‌నెస్. కంటిన్యూ."

వారానికి ఆ తూలు పెరిగి తల తిరగడం మొదలైంది. మళ్ళీ వెళ్ళాను. చెవి సంగతి చిట్టీ మీద రాయమని బతిమాలాను. "మీరు లైబ్రరీలో కదూ పనిచేసేది? పుస్తకాలు తిరగేసి రోగాలు తెచ్చుకోకండి. డాక్టరు మీరా, నేనా?" అన్నాడు. వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చెవి నాది, మోత నాది, మాట మాత్రం ఆయనది. నా గోడు ఆయన చెవిన పెట్టుకోలేదు, నా చెవి పోయింది.

నాలుగు రోజులకు లైబ్రరీ మెట్ల మీద పడ్డాను. మిత్రులు ఇంకో ఆసుపత్రిలో చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన ట్యూనింగ్ ఫోర్క్ మోగించి చెవుల దగ్గర పెట్టి చూసి, "ఎయిత్ నెర్వ్, అంటే వినికిడి నరం, దెబ్బతింది. ఇంజెక్షన్ ఈరోజే ఆపాలి. మోత మొదలైనప్పుడే ఆపి ఉంటే..." అని ఆగాడు. ఎడమది పూర్తిగా పోయింది, కుడిది సగం మిగిలింది. మొదటి పది రోజులు నా భక్తికి బలి, తరువాతి పదకొండు ఆ పెద్దాసుపత్రి డాక్టరు అహంకారానికి. నా లెక్క నేను ఒప్పుకున్నాను. ఆయన ఒప్పుకోలేదు.

కొత్త సంవత్సరం వచ్చింది. ఆ రోజు మాకున్న ఆజ్ఞ కొమ్ము ఊదమని కాదు, వినమని. షాలోమ్ కాకా ఊదాడు. ఆయన బుగ్గలు పొంగడం కనిపించింది. శబ్దం లేదు. రివ్కా నన్ను భుజం పట్టి తిప్పింది. కుడి చెవికి ఎక్కడో ఉప్పల్ రోడ్డు మీద లారీ వెళ్ళినంత వినిపించింది, అంతే. తొమ్మిదేళ్ళు గదంతా దద్దరిల్లేలా ఊదిన కొమ్ము అది.

ప్రార్థన అయ్యాక కాకా నా చేతులను తన చేతులతో తాకి, వేళ్ళు పెదవులకు ఆనించుకున్నాడు. అది మా పలకరింపు. టీబీ అని మిగతావాళ్ళు దూరం నుంచే తలూపారు. తరువాత ఆయన నా కుడి చెవి దగ్గర వంగి అడిగాడు.

"ఆ డాక్టర్ను తిట్టావా?"

"రోజూ." ఊపిరితిత్తులు పాడయ్యాక నాకు తిట్లు బాగా వచ్చాయి.

"అయితే వెళ్ళి క్షమించమని అడుగు. మనిషి పట్ల తప్పు మనిషే క్షమించాలి, దేవుడు దాని జోలికి రాడు. ఏం తప్పో పేరుపెట్టి చెప్పాలి. కాదంటే మూడుసార్లు అడగాలి."

"చెవి పోయింది నాకు! అడగాల్సింది నేనా?"

"ఆయన తప్పు ఆయన చూసుకుంటాడు. నీది నువ్వు చూసుకో."

ఆ ఏడు వెళ్ళలేదు. కోపాన్ని మాత్రల్లాగే పూటపూటకూ మింగాను.

ఇప్పుడు ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. చీకట్లో గోడ పట్టుకుని నడుస్తాను. లైబ్రరీలో కుడి చెవి తలుపు వైపు పెట్టుకుని కూర్చుంటాను. కొమ్ము మళ్ళీ నోటికి పెట్టాను. అది ఇప్పుడు చెవిలో కంటే దవడలో ఎక్కువ మోగుతుంది. ఈ ఇంజెక్షన్ తీసుకునేవాళ్ళకు ఒక్క మాట: చెవిలో మోత వచ్చినా, తల తిరిగినా ఆ రోజే చెప్పండి. డాక్టరు దాన్ని చిట్టీ మీద రాసేదాకా కుర్చీ వదలకండి. రాయకపోతే అదే పూట ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి. అది దేవుడేమో అని ఆగకండి.

మొన్న ఎలూల్ చివరి వారంలో ఆ పెద్దాసుపత్రికి వెళ్ళాను. ఓపీ నిండా జనం. వినబడనివాడి గొంతు ఎలా ఉంటుందో తెలుసు కదా, గది దాటి వరండాలోకి పోయింది.

"డాక్టరుగారూ, మా కొత్త సంవత్సరం వస్తోంది. క్షమించమని అడగడానికి వచ్చాను. చెవిలో మోత అంటే మీరు వీక్‌నెస్ అన్న రోజు మిమ్మల్ని గాడిద అన్నాను. చిట్టీ మీద రాయమంటే పుస్తకాలు చదవొద్దన్న రోజు గుడ్డి గాడిద అన్నాను. మీరు ఇంజెక్షన్ ఆపక నా ఎడమ చెవి పోయిన రోజు..."

"ఏయ్, మెల్లగా!" అన్నాడని ఆయన చేతుల్ని బట్టి అర్థమైంది.

"పేరుపెట్టి చెప్పాలండీ, మా ఆచారం."

బెంచీ మీదున్న ముసలమ్మ లేచింది. "ఓ సారూ! నాకు గూడ గట్లనే గుయ్యిమంటున్నది, గవే సూదులు. చెప్తె ముసలిదానివి, గంతే అంటివి!"

డాక్టరు ఆమె చిట్టీ లాక్కుని, పెన్ను తీసి, ఇంజెక్షన్ రాసిన లైను కొట్టేశాడు. చెవులు పరీక్ష చేయించమని కింద రాశాడు. నేను ఆయన పక్కకు చేరి, అది పూర్తయ్యేదాకా చూశాను.

తరువాత నా వైపు తిరక్కుండానే గొణిగాడు. "సరే, క్షమించాను. ఇక వెళ్ళండి."

అంత దగ్గర నుంచి కుడి చెవికి ప్రతి అక్షరం వినిపించింది. నేను ఎడమ చెవికి చెయ్యి ఆనించి ముందుకు వంగాను.

"వినబడలేదండీ. అందరికీ వినబడేలా ఇంకోసారి అనండి."