సత్యమూర్తి చీటీ

దంతెవాడ నుంచి కిరండూల్ పోయే రోడ్డు మీద ఉన్న ఆ చిన్న కాలేజీలో, కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్ష రోజున మొదటి టైట్రేషన్ అటెండర్ సత్యమూర్తిదే. పిల్లలకిచ్చే యాసిడ్‌నూ క్షారాన్నీ తానే కలిపి, తానే కొలిచి, రంగు మారడానికి ఎన్ని మిల్లీలీటర్ల క్షారం పట్టిందో ఆ అంకెను చీటీ మీద రాసి లెక్చరర్ చేతిలో పెట్టేవాడు. ఆ అంకెకు దగ్గరగా వచ్చినవాళ్లకు మార్కులు పడేవి. ఇరవై ఆరేళ్లలో లెక్చరర్లు చాలామంది మారారు గానీ చీటీ రాసే చెయ్యి మారలేదు.

సత్యమూర్తి పదో తరగతి తప్పాడు. గనిలో పనికని విజయనగరం నుంచి వచ్చిన తండ్రి వెంట వచ్చి, ఈ ల్యాబ్‌లో గాజుసామాను కడగడానికి చేరాడు. కడుగుతూ చూశాడు, చూసి నేర్చుకున్నాడు. ఎడమచేత్తో బ్యూరెట్ కుళాయి తిప్పుతూ కుడిచేత్తో ఫ్లాస్కు ఆడించడం, చివరి చుక్కను సగంలో ఆపి గాజుకు తాకించడం అతనికి ఎవరూ చెప్పినవి కావు. నీళ్లలా ఉన్న యాసిడ్‌లో వచ్చీరాని గులాబీ రంగు నిలిచిందంటే ఆగిపోవాలి. "ముదిరిందా, నువ్వు దాటిపోయినట్టే" అనేవాడు పిల్లలతో.

ఈసారి అతని చీటీ మీద పది పాయింట్ ఆరు అని ఉంది.

పరీక్ష సగంలో ఉండగా కడిగే నీళ్ల సీసా నింపడానికి సన్నే అనే అమ్మాయి బల్ల దగ్గరికి వెళ్లాడు. దోర్నపాల్ వైపు పిల్ల. ఈ పేపరు తప్పితే హాస్టల్ సీటు పోతుంది. మూడుసార్లు చేసి మూడుసార్లూ పది పాయింట్ ఒకటి రాసుకుంది.

"కాకా, రంగు ఎట్ల ఆగిందో చూడు" అంది మెల్లగా, ముచ్చటగా.

వంగి చూశాడు. "ఏటీ రాలేదు గదమ్మా. నీళ్లే."

"ఏంది కాకా, మజాక్ చేస్తున్నవా? ఇంత మంచిగ కనబడుతుంటే!"

పక్క బల్ల కల్యాణి తొంగి చూసి నవ్వింది. "కాకాకు కళ్లద్దాలు కొనిపెట్టాలె."

సత్యమూర్తి ఫ్లాస్కు కింద తెల్ల కాగితం పెట్టాడు. నీళ్లే. కుళాయి తిప్పి ఒక చుక్క వేశాడు. నీళ్లే. లెక్కపెట్టుకుంటూ పోయాడు. పదో చుక్కకు గానీ అతని కంటికి గులాబీ అందలేదు. పది చుక్కలంటే పాయింట్ ఐదు. తన అంకెకూ ఆ పిల్ల అంకెకూ తేడా సరిగ్గా అంతే.

ఈ ఏడంతా ఫ్లాస్కులు ఎంత తోమినా మసక పోవడం లేదని సబ్బును తిట్టుకున్నాడు. మసక గాజులో లేదు.

లెక్చరర్ దేవేంద్ర దగ్గరికి పోయాడు. "సార్, నా చీటీ తప్పు. నాకు రంగు ఆనడం లేదు."

"నీకా? బ్యూరెట్ తప్పినా నువ్వు తప్పవయ్యా! మిగతావాళ్లందరికీ నీ అంకే వస్తోందిగా."

"ఆళ్లంతా దాటేసినారు సార్. కొత్తచేతులు, దాటేస్తారు. ఆగింది ఆ పిల్లొక్కర్తే."

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ కాగితాల మీంచి తలెత్తాడు. "ఇందాక ఆ అమ్మాయితో మీ తెలుగులో మాట్లాడింది నువ్వే కదా?" అన్నాడు హిందీలో. "మన మనిషని జాలి. అర్థమైందిలే."

"జాలి కాదు సార్. మీరే ఒక్కసారి చేసి చూడండి. పది నిమిషాలు."

"నాకు జీపు టైమైంది."

సన్నే కాగితం మీద ఎర్ర పెన్ను అడ్డంగా పోయింది. ఇరవై ఆరేళ్లు ఒక్క చుక్క కూడా తప్పనివాడని పేరు తెచ్చుకున్నాడు. ఇప్పుడు తప్పానంటే నమ్మేవాడు లేడు.

అందరూ వెళ్లాక సన్నే మళ్లీ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. "నాది తప్పేనా కాకా?"

"కాదమ్మా. తప్పు నాది."

"మరి సార్లకు చెప్పరాదు?"

"సెప్పినాను."

సన్నే లోపలికి వచ్చి బల్ల దగ్గర నిలబడింది. సత్యమూర్తి ఆమె ఫ్లాస్కును రెండుసార్లు కడిగి, వెలుతురుకు పట్టి చూసి, ఆమె చేతికిచ్చాడు.

"సుబ్బరంగా ఉందేటి, సూడు."

సన్నే తిప్పి చూసింది. "అడుగున ఇంకా జరంత గులాబీ ఉంది కాకా."

ఫ్లాస్కు తీసుకుని మళ్లీ కుళాయి కింద పెట్టాడు.