రోజిన్ పొయ్యి దగ్గర పట్టిన ఆయాసం

ఆ రోజు పొయ్యి మీద రోజిన్ కరుగుతోంది. గరిటె తిప్పుతున్నవాణ్ణి ఉన్నట్టుండి ఆగిపోయాను. ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. బయటికొచ్చి గోడ పట్టుకుని నిలబడితే, నా ఊపిరిలోని పిల్లికూతలు నాకే వినిపించాయి.

వానల్లేక ముదిగుబ్బ దగ్గర మా వేరుసెనగ చేను ఎండిపోయాక అనంతపురం వచ్చి, పాత లారీ టైర్లకు కొత్త రబ్బరు అతికే షెడ్డులో చేరాను. రోజిన్ అంటే పైన్ చెట్టు బంక నుంచి తీసిన, తేనెరంగు గాజుపెంకుల్లాంటి సరుకు. అది కలిపితే రబ్బరు గట్టిగా అతుక్కుంటుంది. ఆ ఏడాది మద్రాసు నుంచి కొత్త రకం వచ్చింది.

"ఇది వట్టి బంక కాదప్పా. రబ్బరు కోసమనే ఏందో కలిపి మార్చినారు," అన్నాడు ఓనరు రామప్ప.

ఆ రోజు నుంచి దగ్గు పట్టుకుంది, తగ్గలేదు. టీబీ అనుకున్నాను. మా అన్న దానితోనే పోయాడు. ఎవరికీ చెప్పకుండా నా కంచం, లోటా వేరు చేసుకున్నాను. మా చిన్నపిల్ల మున్నీ చేతులు చాస్తే ముఖం తిప్పుకునేవాణ్ణి.

నా భార్య ఖాసింబీ కనిపెట్టింది. "బిడ్డను ఊరికే ఏడిపిస్తాండావు. ఆస్పత్రికి పోదాం, లెయ్," అంది.

ఎక్స్‌రే తీశారు, కఫం పరీక్షకు తీసుకున్నారు. ఫలితం వచ్చేదాకా గార్లదిన్నెలో అత్తగారింట్లో ఉన్నాం. తిరిగి వెళ్లినప్పుడు డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసి, "టీబీ కాదు. ఆస్తమా," అన్నాడు.

ఖాసింబీ ఊరుకోలేదు. "సార్, మా అమ్మోళ్లింట్లో ఉన్నన్నాళ్లూ ఈయనకు దగ్గే రాలేదు. రబ్బరు షెడ్డుకు పోతేనే వస్తాది."

అప్పుడు ఆయన నా పని గురించి అడిగాడు. చెప్పాను. "ఆ పొగ నీకు అలర్జీ. పొయ్యి దగ్గరే ఉంటే నా మాత్రలు పనిచేయవు," అన్నాడు.

ఇంటికెళ్లి మున్నీని ఎత్తుకున్నాను. అది నా మీసం పట్టి లాగింది. నాకు ఏడుపొచ్చింది.

అయినా పని మానలేదు. కరువు రోజులు, వేరే కూలి ఎక్కడుంది? ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని మళ్లీ పొయ్యి దగ్గర నిలబడ్డాను. కొన్నాళ్లకే ఊపిరందక పడిపోయాను. రామప్పే జట్కాలో ఆస్పత్రికి చేర్చాడు. అడ్రినలిన్ ఇంజెక్షన్ వేశారు. గుండె దడదడలాడింది, కాసేపటికి గాలి లోపలికి వచ్చింది.

"బతకాలనుంటే ఆ షెడ్డులో అడుగు పెట్టొద్దు," అన్నాడు డాక్టరు.

మంచం పక్కన నిలబడి రామప్ప, "నువ్వు రావద్దులేప్పా. ఇంకొకర్ని పెట్టుకుంటా," అన్నాడు.

"ఎవుర్ని పెట్టినా పొయ్యి బయటికి మార్చన్నా. నాకు పట్టింది వానికీ పట్టొచ్చు," అన్నాను. సణుక్కుంటూనే ఆయన పొయ్యిని ఆరుబయటికి మార్చాడు.

ఇప్పుడు కళ్యాణదుర్గం సంతలో ఖాసింబీతో కలిసి గాజులమ్ముతున్నాను. దుమ్ముగాలి లేచిన రోజు పిల్లికూతలు వస్తాయి. ఎఫెడ్రిన్ మాత్ర వేసుకుని, కాసేపు నీడన కూర్చుంటాను.

ఆయాసంతో ఆస్పత్రికి వెళ్లేవాళ్లకు ఒక్క మాట. దగ్గు ఎప్పటి నుంచని డాక్టరు అడుగుతాడు. ఏం పని చేస్తారని అడక్కపోవచ్చు. మీరే చెప్పండి: ఏ సరుకు కరిగిస్తారో, ఏ పొగ పీలుస్తారో, పనికి పోని రోజు మీ ఊపిరి ఎలా ఉంటుందో.