మూడు సూదుల గడువు

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. గ్రీన్ కార్డు మెడికల్ పరీక్షకి హెచ్‌పీవీ టీకా ఒక్క డోసు చాలు. మూడూ కావాలని మా ఆయనకు చెప్పింది నేనే. డైరీలో కూడా రాసుకోలేదు.

అప్పుడు మేం అమెరికాలో నోవై అనే ఊళ్లో ఉండేవాళ్లం. పెళ్లై ఏడాదిన్నర. నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయకూడదు. డ్రైవింగ్ రాదు. నడిచి వెళ్లగలిగిన చోటు లైబ్రరీ ఒక్కటే, అదీ దారి మీద మంచు పేరుకోనంతవరకే. ప్రతి నెలా ఊరి నుంచి ఫోన్ వచ్చేది. మా అత్తగారు "ఏమన్నా విశేషమా?" అని అడిగేవారు. నేను లేదనేదాన్ని. ఆ తర్వాత వంటల గురించి మాట్లాడేవాళ్లం.

బిడ్డ వద్దని కాదు. అప్పుడే వద్దనుకున్నాను. ఆ మాట నోరు తెరిచి మా ఆయనతో అనడం నా వల్ల కాలేదు.

ఆ రోజుల్లో గ్రీన్ కార్డుకి అప్లై చేసే నా వయసు ఆడవాళ్లకి హెచ్‌పీవీ టీకా తప్పనిసరి. తర్వాత ఆ నియమం తీసేశారు. క్లినిక్‌లో మా ఇద్దరినీ వేరు వేరు గదుల్లోకి పంపారు. అది గర్భాశయ ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్‌ని అడ్డుకునే టీకా అనీ, ఆరు నెలల్లో మూడు డోసులనీ నర్సు చెప్పింది. ఫారం మీద డాక్టరు సంతకానికి ఆ రోజు వేసేది చాలట, మిగతా రెండూ నా ఆరోగ్యం కోసమట. మధ్యలో గర్భం వస్తే మాత్రం ఆపేసి, కాన్పు అయ్యాక వేస్తామంది.

ఆవిడ ఇచ్చిన కాగితం చదువుతుంటే మా పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆవిడకి కడుపులో గడ్డ అనేవాళ్లు ఇంట్లో, అంతకుమించి ఎవరూ చెప్పలేదు. ఆవిడ పడ్డ బాధలన్నీ ఆ కాగితంలో వరసగా అచ్చువేసి ఉన్నాయి.

కారెక్కాక మా ఆయన అడిగారు. "అయిపోయినట్టేనా?"

"ఇప్పటికి సంతకం పెట్టేస్తారట. కానీ ఇంటర్వ్యూలో మూడూ వేయించుకున్నట్టు చూపించాలట. అప్పటిదాకా ప్రెగ్నెన్సీ వద్దన్నారు."

గ్రీన్ కార్డుకి కావాలంటే ఆయన ఇంకో ప్రశ్న వేయరు. ఎర్ర లైటు దగ్గర కారాగగానే ఫోన్ తీసి రెండు డేట్లకీ రిమైండర్ పెట్టుకున్నారు.

వారం తిరక్కుండా మా అత్తగారు వచ్చారు, ఆరు నెలలు ఉండడానికి. పెట్టె తెరిచి ముందుగా బయటికి తీసింది పొత్తిగుడ్డలు. తన పాత నూలు చీరలు చింపి, అంచులు మడిచి కుట్టి తెచ్చారు. పడగ్గది అల్మారాలో పై అరలో, నేను డైరీలు దాచుకున్న అట్టపెట్టె పక్కనే సర్దారు.

"ఆ సూదికీ పిల్లలకీ సంబంధం ఏంట్రా?" అని ఆ రాత్రి అన్నం తింటూ, మూడు డోసుల సంగతి చెప్పిన కొడుకుని అడిగారు.

"రూల్ అమ్మా. కార్డు ప్రాసెస్‌లో ఉండగా రిస్క్ తీసుకోకూడదు."

"పిల్లల్ని ఎప్పుడు కనాలో కూడా వీళ్లే చెప్తారా! బాగుంది మీ అమెరికా."

అయినా ఊరికి ఫోన్ చేసినప్పుడు మాత్రం "మా కోడలికి గవర్నమెంటు వాళ్లు సూదులేస్తున్నారు" అని కాస్త గొప్పగానే చెప్పేవారు.

రెండో డోసు అయింది. అల్మారా తెరిచిన ప్రతిసారీ పొత్తిగుడ్డలు కనిపించేవి. లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకాలు తెరిచి ఉన్నా, పేజీలు తిప్పడం మానేసి మూడో డేటుకి ఇంకెన్ని వారాలో లెక్కపెట్టేదాన్ని. వాయిదా దొరికిందనుకున్నాను గానీ, దాని అవతల ఏం చేయాలో ఆలోచించనే లేదు.

చలికాలం చివర్లో మా ఆయన స్నేహితుడింట్లో పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చే విందు. కిచెన్‌లో నేను, మా అత్తగారు, ఆ ఇంటావిడ ముగ్గురమే ఉన్నాం. వచ్చే నెల మూడో డోసు ఉందని మాటల్లో అన్నాను.

"ఇంకా వేయించుకుంటున్నావా?" అంది ఆవిడ నవ్వుతూ. "నాకు ఒక్కటే వేశారు, కార్డు కూడా వచ్చేసింది. నీకు సూదులంటే అంత సరదా ఏంటి తల్లీ!"

"మా డాక్టర్ వేరండీ" అన్నాను.

మా అత్తగారు పులిహోర గిన్నెకి మూత వెతుకుతున్నారు. మూత ఎదురుగానే ఉంది. చాలాసేపు వెతికారు.

ఆ రాత్రి కొడుక్కి చెప్పేస్తారనుకున్నాను. చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. ఆయన ఆఫీసుకి వెళ్లాక మేమిద్దరం ఆ రెండు గదుల్లోనే ఉండేవాళ్లం. ఆవిడ చిక్కుడుకాయలు ఈనె తీస్తుంటే నేను ఎదురుగా కూర్చుని, ఇప్పుడు అడుగుతారు, ఇప్పుడు అడుగుతారు అని చూసేదాన్ని. "ఉప్పు సరిపోయిందా?" అని అడిగేవారు.

మూడో డోసు రోజు పొద్దున్నే మంచు. మా ఆయన కిటికీలోంచి చూసి, "రోడ్లు బాలేవు, రీషెడ్యూల్ చేద్దామా? ఎలాగూ వచ్చేవారం అమ్మని ఎయిర్‌పోర్ట్‌లో దింపడానికి లీవ్ పెట్టాలి" అన్నారు.

కిచెన్‌లోంచి మా అత్తగారి గొంతు వినిపించింది. "కాగితాలకి కావాలన్నారటగా. తీసుకెళ్లరా."

నా అబద్ధాన్నే ఆవిడ అక్షరం పొల్లుపోకుండా చెబుతున్నారు. నిజంగా నమ్మి అన్నారో, తెలిసే అన్నారో అర్థం కాక, దారంతా కారు తలుపు పిడి పట్టుకుని కూర్చున్నాను. నర్సు సూది వేసి, "కంగ్రాట్స్, ఆల్ డన్" అంది.

ఎయిర్‌పోర్ట్‌లో మా ఆయన కౌంటర్ దగ్గర పెట్టెలు తూయిస్తున్నారు. మేమిద్దరం పక్కన నిలబడ్డాం. మా అత్తగారు వీల్‌చైర్ వద్దని, శాలువా సర్దుకుని, కొడుకు వైపు ఒకసారి చూసి, సూది వేయించుకున్న నా చేతి మీద చెయ్యి వేశారు.

"నాకు ఆ విందు రోజే తెలిసింది. వాడికి చెప్పలేదులే. సూదులైతే అయిపోయాయి. ఇప్పుడు వాడికేం చెప్తావో నువ్వే చూసుకో."