తులసికోటకు పోవాల్సిన నీళ్లు

నాంపల్లిలో ఒకసారి వరద వచ్చింది. తెప్పించింది నేనే. ఆ రోజు చినుకు పడలేదు. మూసీ తన దారిన తాను అఫ్జల్‌గంజ్ పక్క నుంచి బుద్ధిగానే పోతోంది. అయినా ఒక పెద్దమనిషి ఇంట్లో, పట్టపగలు, ఇంటినిండా చుట్టాలు చూస్తుండగా, పాలూ పెరుగూ తేనే కలిసిన వరద వచ్చింది.

ఆ పెద్దమనిషి మా వెంకటనర్సయ్య సార్. పంతొమ్మిది వందల నలభైల మొదట్లో మా ఇంజనీరింగు కాలేజీలో సర్వే పాఠం చెప్పేవారు. వేకువనే చన్నీళ్ల స్నానం, గంటసేపు పూజ, నుదుట మూడు విభూతి రేఖలు. ఆ తర్వాత నలుగురు పిల్లల్నీ ముందు కూర్చోబెట్టుకుని లెక్కలు. ఆడపిల్లలకు లెక్కలెందుకని చుట్టాలెవరైనా అంటే, "ముగ్గులేసేటోళ్లకు జామెట్రీ వద్దంటె ఎట్లనయ్యా?" అని నోరు మూయించేవారు. క్లాసులో మాత్రం రోజూ ఒకటే మాట: "భూమిని కొలిచేటప్పుడు అబద్ధమాడకున్రి. తల్లికి తెలుస్తది."

నేను తల్లికి కూడా తెలియనంత తెలివైనవాణ్ణని అనుకునే వయసులో ఉన్నాను. గన్‌ఫౌండ్రీలో కిరాయి గది, ఆఖరి సంవత్సరం చదువు. గదిలో సామాను తక్కువ, గర్వం ఎక్కువ.

ఒకరోజు సార్ పిలిచారు.

"రాజలింగం, మా దేవుని అర్రల నేల మళ్ల పరిపిస్తున్న. అభిషేకం నీళ్లు వెనక గోడ తూములకెళ్లి తులసికోటకు పోవాలె. నాకు వారం రోజులు పొరుగూళ్లె కాలేజీ పనున్నది. జర వాలు చూస్తవా?"

"ఎంత పని సార్! చిటికెల!"

"చిటికెల వద్దు, మెల్లగనే చెయ్యి. ఏకాదశినాడు రుద్రాభిషేకం. ప్రిన్సిపాల్ సాబ్‌ను గూడ పిలిచిన. నీళ్ల శాఖల ఒక నౌకరీ ఖాళీ ఉన్నదట, నీ పేరు చెప్పిన. ఆయన నిన్ను చూడాల్నన్నడు."

చూశారా? నా నౌకరీ, సార్ పరువు, శివుడి స్నానం, మూడూ ఒకే నేల మీదికి వచ్చి కూర్చున్నాయి.

మర్నాడు ఎత్తుపల్లాలు కొలిచే కాలేజీ లెవెల్ యంత్రాన్ని, దాని మూడు కాళ్లతో సహా, భుజాన వేసుకుని అబిడ్స్ మీదుగా బయల్దేరాను. దగ్గరి దారి వేరే ఉంది. కానీ దగ్గరి దారిలో నన్ను చూసేవాళ్లెవరు?

సార్ ఇంట్లో యాదగిరి మేస్త్రి షాబాద్ బండలు సర్ది పెట్టుకుని కూర్చున్నాడు. యాభై ఏళ్లుంటాయి. అంకెలు వేసిన పొడుగు కర్ర అతని చేతికిచ్చి నేను యంత్రం మీది దుర్భిణికి కన్ను ఆనించాను. ఇక్కడ మీకొక చిన్న సంగతి చెప్పాలి. ఆ కర్రను ఎక్కడ నిలబెడితే అక్కడి అంకె దుర్భిణిలో కనిపిస్తుంది. చోటు ఎంత పల్లమైతే అంకె అంత పెద్దదవుతుంది. ఇది మొదటి నెల పాఠం. ఆ రోజు నేను క్లాసులోనే ఉన్నాను. కిటికీలోంచి మామిడికాయలు లెక్కపెడుతున్నాను. అందుకని పెద్ద అంకె అంటే ఎత్తనీ, చిన్న అంకె అంటే పల్లమనీ నా సొంత శాస్త్రం.

"మేస్త్రీ, వెనక గోడ దగ్గర తగ్గించు!" అని అరిచాను.

బండ కింద సున్నం తీసి తగ్గించాడు. అంకె పెరిగింది.

"అరే, ఉల్టా చేస్తున్నవేంది? తగ్గించుమంటె!"

"తగ్గించిన గద సారూ!"

"తగ్గలె. పెరిగింది. ఎత్తు!"

"ఏంది?"

"బండ ఎత్తు, అంకె తగ్గాలె!"

మేస్త్రి నన్నూ, బండనూ, పైన దేవుణ్నీ వరసగా చూశాడు. "ఎత్తితె నీళ్లు తులసమ్మ కాడికి ఎట్ల పోతయి సారూ? జర చెంబెడు నీళ్లు పోసి చూద్దామా?"

"యంత్రం ఉండంగ చెంబెందుకయ్యా? నీ కన్ను మోసం చేస్తది. గిది చెయ్యది."

"మీరు సదువుకున్నోళ్లు," అని నిట్టూర్చి ఎత్తాడు. నేను అడిగిన అంకె వచ్చేదాకా ఎత్తుతూనే ఉన్నాడు.

ఏకాదశి వచ్చింది. సార్ ముందురోజే తిరిగి వచ్చి, నేలను చేత్తో తడిమి, "నున్నగ ఉన్నది" అని మెచ్చుకున్నారు. అర్రకు, అంటే పూజగదికి, కొత్త గడప వడ్రంగి ఇంకా తేలేదు. గుమ్మం బయట హాల్లో జంపఖానా పరిచారు. ముందు వరసలో షేర్వాణీ, రూమీ టోపీతో ప్రిన్సిపాల్ సాబ్. సార్ మీద గౌరవంతో వచ్చారు. బూట్లు బయట విడిచి, తెల్ల మేజోళ్లతో మఠం వేసుకుని కూర్చున్నారు. నేను పక్కనే, కొత్త పెళ్లికొడుకులా.

నమకం మొదలైంది. ఒక బిందె పాలు. నేను తూము వైపు చూస్తున్నాను. తూము పొడిగా ఉంది. పెరుగు, తేనె. తూము ఇంకా పొడిగానే ఉంది. రెండు బిందెల నీళ్లు. అప్పుడు గుమ్మంలోంచి తెల్లటి నాలుక ఒకటి మెల్లగా బయటికి వచ్చింది.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. ఆ రోజు దేవుడి ఎదుటే నీరు నిజం చెప్పేసింది.

నేను గబుక్కున జరిగి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. ఆనకట్టలు కట్టాలని చదివినవాణ్ణి, నేనే ఆనకట్టనయ్యాను.

సార్ భార్య చూసి, "గాడ కూసున్నవేంది బిడ్డా? జర జరుగు, హారతి పళ్లెం తేవాలె" అన్నారు.

"ఈడనే మంచిగున్నదమ్మా."

"ధోతి తడుస్తున్నది గద!"

"భక్తమ్మా, భక్తి!"

ఆనకట్టకు రెండు పక్కలా గండ్లు పడ్డాయి. ఒక పాయ జంపఖానా కిందికి దూరింది. రెండోది తిన్నగా వెళ్లి ప్రిన్సిపాల్ సాబ్ మేజోళ్లను పలకరించింది. ఆయన అదిరిపడి లేచారు.

"అరే నర్సయ్య సాబ్! మూసీ మీ ఇంట్లకు వచ్చిందా ఏంది?"

సార్ చమకం ఆఖరి అనువాకం దాకా ఆగలేదు, తొణకలేదు. హారతిచ్చి, లేచి, గుమ్మం దగ్గరికి వచ్చి తడిసి ముద్దయిన నన్ను చూశారు.

"వెనక గోడ కాడ అంకె ఎంత?"

"నాలుగడుగుల అయిదంగుళాలు సార్."

"గుమ్మం కాడ?"

"నాలుగడుగుల... ఎనిమిది."

ఎప్పుడూ పెదవి దాటని సార్ నవ్వు ఆ రోజు ఇల్లంతా దొర్లింది. తర్వాత ప్రిన్సిపాల్ సాబ్ వైపు తిరిగి చేతులు జోడించారు.

"మాఫ్ చెయ్యున్రి. పిలగాని తప్పు కాదు, నాది. పాఠం చెప్పిన గని, అర్థమయిందా అని అడగలె."

తిట్టి ఉంటే మర్నాటికి మరిచిపోయేవాణ్ణి. ఆ మాట నేను ఈనాటికీ మరవలేదు.

ఆదివారం సార్ ధోవతి ఎగగట్టి, నాతోనూ మేస్త్రితోనూ కలిసి బండలన్నీ లేపారు. పెరట్లో మోకాలి లోతు గుంత తవ్వించి, కర్రతో నన్ను అందులో నిలబెట్టి, తాను దుర్భిణిలోంచి అంకె చదివారు. గట్టెక్కించి మళ్లీ చదివారు. "గుంతల ఉన్నప్పుడే అంకె పెద్దగ కనవడుతది. సమజైందా? మనిషి గూడ అంతే రాజలింగం. కింద ఉన్నోడే పెద్ద అంకె చెప్తడు." మేస్త్రి తలపాగా చాటున నవ్వుకున్నాడు. ఆ మధ్యాహ్నం ముగ్గురం ఒకే వరసలో కూర్చుని అన్నం తిన్నాం.

నౌకరీ సంగతా? ఏడాది చివర నోటి పరీక్షకు ప్రిన్సిపాల్ సాబే కూర్చున్నారు, పక్కన సార్.

"ఒకటే సవాల్. నీళ్లు ఎటు పోతయి?"

పల్లానికి అనాలి. పాఠం బాగానే వచ్చు. కానీ కంగారులో నోరు ముందు, బుద్ధి వెనక.

"తమరి దిక్కు సాబ్!"

సార్ కళ్లు మూసుకున్నారు, దేవుణ్ని తలుచుకున్నట్టు. ప్రిన్సిపాల్ సాబ్ మాత్రం టోపీ జారిపోయేదాకా నవ్వి, "సచ్ బోల్తా హై! నిజం చెప్పేటోడే మాకు కావాలె" అంటూ నీళ్ల శాఖకు సిఫారసు కాగితం మీద సంతకం పెట్టారు.

అలా నీళ్ల శాఖలో చేరి, రిటైరయ్యేదాకా కాలువలు తవ్వించాను. నీళ్లన్నీ పొలాలకే పోయాయి. సార్ బతికున్నన్నాళ్లూ వెళ్లి ఆ సంగతి విన్నవించుకున్నాను. ఇప్పుడు మీ అందరి ఎదుట, స్నానం చేసి, విభూతి పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఎవరి దేవుని అర్రలోనూ వాలు చూడను. తప్పదని మీరు బలవంతం చేస్తే చూస్తాను గానీ, మీ పై అధికారిని మాత్రం మేజోళ్లు విప్పి రమ్మనండి.