సారుకు దగ్గు తగ్గింది

కోయిలకుంట్ల బస్సులో పక్కన కూర్చున్నావిడ నన్ను తేరిపార చూసి, "ఫోన్లో మాకు యాపారం పాఠాలు చెప్పే సారు మీరే గదా? దగ్గు తగ్గిందా?" అంది.

అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట హైదరాబాదులో రికార్డు చేసిన మొదటి వీడియో పాఠంలో దగ్గాను. మళ్లీ తీసే ఓపిక లేక అలాగే వదిలేశాను.

"మా పొదుపు సంఘంలో కొత్తోళ్లకు ఆ పాఠం పెట్టినప్పుడల్లా దగ్గుతానే ఉండారు. పాపం, ఇంగా తగ్గలేదే అని ఆదివారం చర్చిలో మీకోసం ప్రార్థన చేస్తాండాం."

"తగ్గిందమ్మా" అన్నాను.

ఆవిడ వెనక సీట్లలోని తోటి ఆడవాళ్ల వైపు తిరిగి, "సారుకు తగ్గిందంట! ప్రభువు విన్యాడు" అంది. అందరి మొహాలూ వెలిగాయి.

వాళ్లు దిగిపోయాక నాకు తల కొట్టేసినట్టయింది. కొనేవాళ్లను పేరుపెట్టి పలకరించాలని నేర్పే పాఠమది, నేను దగ్గిన ఆ మొదటి పాఠం. ఆవిడ పేరైనా నేను అడగలేదు.