చివరి గడిలో పేరు

మా ఆయన చనిపోయిన ఏడాదే నాకు చింతామణి నుంచి గూళూరు దగ్గరి పల్లెలో కన్నడ బడికి బదిలీ అయింది. ఒక అద్దె గది, ఒక బిందె, ఒక గ్లాసు. అంతే నా సంసారం.

బడిలో ఆరోగ్య కార్యక్రమం బాధ్యత నాకే అప్పగించారు. బిందెకు మూత ఉందా, నీళ్ళు ముంచడానికి పొడుగు పిడి గరిటె ఉందా అని ఇంటింటికీ వెళ్ళి రాసుకురమ్మని పిల్లలకు కాగితాలిచ్చాను. "ఏ ఇల్లూ వదలొద్దు" అని గట్టిగా చెప్పిందీ నేనే.

ఆ శనివారం మధ్యాహ్నం మూతలేని బిందెలో గ్లాసుతోపాటు వేళ్ళూ ముంచి తలెత్తేసరికి, గుమ్మంలో ఐదో తరగతి భవాని కాగితం పట్టుకుని నిలబడి ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"గరిటె యాడుండాది మిస్?"

"లేదమ్మా. తాగేది నేనొక్కదాన్నే గదా!"

పిల్ల నవ్వలేదు. "ఒక్కరే ఉంటే ఇంకా బాగా చూసుకోవల్ల మిస్. మీకు వాంతులు పట్టుకుంటే నీళ్ళిచ్చేదానికి ఎవురుండారు?"

చేతిలోని గ్లాసు కింద పెట్టేశాను.

కాగితంలో చివరి గడి 'ఈ ఇంట్లో గుర్తుచేసేవారు'. అక్కడ ఆ ఇంటి బిడ్డ పేరు రాయాలి. భవాని కాసేపు పెన్ను కొరికి, ఏదో రాసుకుని వెళ్ళిపోయింది.

సోమవారం నా ఇంటి కాగితం చూశాను. అన్నిటికీ తప్పు గుర్తులే. చివరి గడిలో మాత్రం గుండ్రటి కన్నడ అక్షరాల్లో 'భవాని' అని ఉంది.

ఆ పిల్ల ఇప్పుడు బాగేపల్లిలో హైస్కూలు చదువుతోంది. నా గోడకు గరిటె వేలాడుతోంది. నీళ్ళు ముంచిన ప్రతిసారీ ఒకసారి గుమ్మం వైపు చూస్తాను.